నెత్తురును అడిగిన రోజు
రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అండాశయ క్యాన్సర్ పరిశోధనలో ఉండేదాన్ని. రక్తం నమూనా కోసం ఐసుడబ్బా పట్టుకుని, ఆ జబ్బుతో ఉన్న, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో పనిచేసే ఒకామె ఇంటికి వెళ్లాను.

"రోగం కడుపులో ఉంటే నెత్తురెందుకమ్మా? నా ఒళ్లే నన్ను మోసం చేసిండాది" అందామె.

ఆ మాట ఏ రోగి నోట విన్నా నాకు కోపమొచ్చేది.

"మోసం చేయలేదక్కా. నీ కడుపులో క్యాన్సర్ గడ్డ మీదుండే గుర్తుల్ని నీ నెత్తురు ముందే పసిగట్టుంటాది. గడ్డను చంపే బలమే చాల్లేదు. ఆ గుర్తులేవో తెలిస్తే బలం పెంచే మందు చేయొచ్చు. అందుకే నీ నెత్తురునే అడుగుతాండాం."

నెత్తురు తీసుకున్నాక సూది తీసి దూది అద్దాను. ఆమె రెండో చేతి గాజులు పైకి తోసుకుంది.

"అయితే ఈ చేతిని కూడా అడుగమ్మా."