మా అన్న ఇంజన్‌కు ఏమీ కాలేదు

సిరొంచలో ఎవరిని అడిగినా ఈ సంగతి ఒకేలా చెబుతారు. చనిపోయిన తండ్రి వచ్చి, వరదలో కొడుకు ప్రాణం కాపాడాడట. చెప్పి చివర్లో చేతులు కూడా జోడిస్తారు. ఆ రోజు పడవలో నేనున్నాను, వాళ్లు లేరు. ఎవరి ప్రాణానికీ గండం రాలేదు. నా బాధంతా అదే.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. చంద్రపూర్‌లో బీఎస్సీ చదివి, ఇక్కడి పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతున్నాను. మా వాడకట్టులో ఎవరైనా గుమ్మానికి నిమ్మకాయ కడితే, "దాంతోని పులిహోర కలుపుకుంటె కడుపన్న నిండు" అని ముఖం మీదే అంటాను. చాలామంది నన్ను శుభకార్యాలకు పిలవకపోవడానికి కారణం అదే కావచ్చు.

మా అన్న రాజన్నకు ఇంజన్ పడవ ఉండేది. వంతెన లేని రోజుల్లో ప్రాణహిత మీద మనుషులను దాటించేవాడు. వంతెన వచ్చాక ఇంద్రావతి మీదికి మారాడు. వానాకాలంలో వాగులు పొంగి దారులు మూసుకుపోతే, పాతగూడెం నుంచి పైనున్న ఊళ్లకు బియ్యం, ఉప్పు, సిమెంటు పడవలోనే పోవాలి. కొంత దూరం పోయాక ఏరు బండల మధ్య ఇరుకవుతుంది. వరదలో, బరువుతో, అక్కడ ఎదురెక్కడం ఆ ఇంజన్ వల్ల అయ్యేది కాదు. సామాను దించేసి మనుషులు నెత్తిన మోసుకుపోయేవారు.

ఇలాంటప్పుడు అందరూ చేసే పని ఒకటుంది. డీజిల్ పంపు మీది స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ వదులుతారు. నల్లపొగ కక్కుతూ ఇంజన్ కొన్నాళ్లు బాగానే లాగుతుంది. తర్వాత నడి ఏట్లో పిస్టన్ పట్టేసి ఆగిపోతుంది. అన్న ఆ స్క్రూ జోలికి పోలేదు. ఇంజన్ బలం పెరగాలి, దాని మీద నమ్మకం తగ్గకూడదు. ఆయనకు రెండూ కావాలి.

ఏళ్ల తరబడి అదే ధ్యాస. పాత లారీ టర్బో తెచ్చి, ఇంజన్‌కు గాలి ఎక్కువ అందేలా బిగించాడు. ఆ గాలిని చల్లబరచడానికి ఒక పెట్టె పెట్టాడు. ఏటి ఇసుక లోపలికి పోతే నీళ్ల పంపును కొరికేస్తుందని, ఇంజన్‌లో మంచినీళ్లే తిరిగేలా చేసి, పడవ అడుగున రాగి గొట్టం వేశాడు. ఆ గొట్టాన్ని ఏరే చల్లబరుస్తుంది. పొగగొట్టం వేడి చూపించే మీటరు కూడా పెట్టాడు. ఇంత చేసి, నడిపి చూసుకోకుండానే గుండెపోటుతో పోయాడు.

మిగిలిన పని ఆయన కొడుకు శ్రీను, నేను కలిసి పూర్తి చేశాం. నీళ్లను తోసే పంకా మార్చాం. ఇప్పుడు దానికి తగ్గ గాలి ఉంది కాబట్టి, మీటరు చూసుకుంటూ డీజిల్ కొద్దికొద్దిగా పెంచాం.

ఇక్కడ తాడు గురించి చెప్పాలి. ఇంజన్ మోతలో మాట వినబడదు. అందుకని అన్న పడవ మధ్యలో ఇంజన్ దగ్గర, శ్రీను వెనక చుక్కాని దగ్గర కూర్చుంటే, ఇద్దరి మధ్యా ఒక నైలాన్ తాడు ఉండేది. ఒక కొస శ్రీను మణికట్టుకు, ఇంకో కొస అన్న చేతిలో. అన్న గుంజాడంటే ఇంజన్‌కు ఏదో బాధ ఉందని, పడవను ఒడ్డుకు తిప్పమని. ఎందుకని అడగడం ఉండదు, తిప్పాలి, అంతే. అన్న విసురుగా గుంజేవాడు కాదు. మెల్లగా లాగి కాసేపు పట్టుకునేవాడు.

అన్న పోయిన మరుసటి వానాకాలం ఒక వ్యాపారి మాటిచ్చాడు. బరువుతో బండలు దాటి చూపిస్తే, వానలు పోయేదాకా సామాను చేరవేసే పనంతా మాకేనని. దాటితే శ్రీను ఊళ్లోనే ఉంటాడు. లేకపోతే పుణె పోయి ఏదో గోడౌన్‌లో చేరాలి.

పట్టపగలే బయలుదేరాం. వాన వెలిసింది. పడవ నిండా సిమెంటు బస్తాలు. ఇంజన్ వేగం పెంచే పిడిని చుక్కాని దగ్గరికే మార్చాం కాబట్టి, అన్న కూర్చునే చోట ఎవరూ లేరు. శ్రీను మాత్రం అలవాటు కొద్దీ తాడు మణికట్టుకు కట్టుకున్నాడు. రెండో కొస అన్న కూర్చునే చెక్క పలక మీద వదులుగా పడి ఉంది. నేను ముందు వైపు, వాడికి ఎదురుగా, మీటరు కనిపించేలా కూర్చున్నాను. నాకు ఈత రాదు, రెండు చేతులతో పడవ అంచులు పట్టుకున్నాను.

బండల దగ్గర శ్రీను ఇంజన్ వేగం పూర్తిగా పెంచాడు. పడవ ఎదురెక్కింది. పొగ కనబడనంత పల్చన. మీటరు ముల్లు హద్దు దాటలేదు. ఒడ్డున ఉన్న నల్లబండ మెల్లగా మా వెనక్కి జరుగుతోంది. సంతోషం పట్టలేక అరిచాను కూడా.

అప్పుడు తాడు లేచింది. పలక మీది కొస పైకి లేచి, బిగుసుకుని, గాలిలో నిలబడింది. బండల మీదే కళ్లున్న శ్రీను చెయ్యి మెల్లగా ముందుకు సాగింది. ఒక ఊపిరి తీసుకునేంత సేపు. తర్వాత వదులై కింద పడింది.

వాడు పడవను తిప్పేశాడు. ఒడ్డు చేరి ఇంజన్ ఆపాక అడిగాడు.

"ఎందుకు గుంజినవ్ అత్తా?"

"నేనేడ గుంజిన? నా చేతులు జూడు, అంచులు పట్టుకోని ఏళ్లు మొద్దుబారినయ్."

"మరెవరు?"

"ఏమో! ఇంజన్ మంచిగుంది, మీటర్ జూస్తనే ఉన్న. నడువ్, మళ్ల పోదాం."

"నాయిన గుంజినంక ఎన్నడన్న ముంగటికి పోయిన్నా అత్తా?"

"మీ నాయిన ఉంటె గద గుంజనీకి!"

వాడు మణికట్టు తడుముకుంటూ కూర్చున్నాడు. నేను లేచి తాడు కొస చేతిలోకి తీసుకున్నాను.

పంకాను తిప్పే ఇరుసుకు తాడు చుట్టుకుందేమో అని చూశాను. ఇరుసు అడుగు పలకల కింద ఉంది, తాడుకు గ్రీజు మరక కూడా లేదు. గాలి లేదు. అదురుకు లేచిందనుకుంటే, అదురుతో తాడు ఎగురుతుంది గానీ బిగుసుకుని నిలబడదు. మంచిర్యాల నుంచి ఇంజన్ మేస్త్రీని పిలిపించి మొత్తం విప్పించాను. పిస్టన్లు, బేరింగులు, టర్బో, రాగి గొట్టం, ఒక్కచోట కూడా గీత లేదు.

"గింత మంచిగున్నదాన్ని ఎందుకు విప్పిచ్చినవ్ అక్కా? నీకేం పని లేదా?" అన్నాడు ఆయన.

వ్యాపారి ఆ పని ఇంకొకరికి ఇచ్చాడు. శ్రీనుతో ఎంత వాదించానో లెక్క లేదు. ఊళ్లో అందరి నోళ్లూ మూయించేదాన్ని, వాడి ముందు మాత్రం ఓడిపోయాను. వాడు ఆ ఇంజన్ మళ్లీ ముట్టలేదు. పడవతో సహా పాతగూడెంలో ఒకతనికి అమ్మేసి పుణె పోయాడు. ఫోన్ చేస్తే నా మోకాళ్ల గురించి అడుగుతాడు, పడవ మాట ఎత్తడు.

కొన్నతను ఇప్పటికి రెండు వానాకాలాలు దాన్ని అవే బండల మీదుగా, నిండు బరువుతో నడిపాడు. నూనె మార్చడం, ఫిల్టర్లు మార్చడం తప్ప ఒక్క బోల్టు విప్పలేదట. మొన్నటి వరదప్పుడు ఇంద్రావతి వంతెన మీద నిలబడి చూశాను. పడవ నీళ్లలోకి సగం మునిగేంత బరువు. పొగ లేకుండా, గొంతు మారకుండా ఎదురెక్కి మలుపు తిరిగిపోయింది. మా అన్న అనుకున్నది అక్షరాలా అయింది. చూడడానికి ఆయన లేడు, కొడుకు లేడు.

కాపాడాడు అనేవాళ్లను నేనూ ఒకటడుగుతాను: దేని నుంచి? ఆ రోజు తాడు గుంజింది మా అన్న కాకపోతే, అంత నిదానంగా, అచ్చం ఆయనలాగే గుంజడం ఎవరికి వచ్చు? అన్నే అయితే, తన చేత్తో అంత బాగా చేసిన ఇంజన్‌లో, నాకు గానీ మేస్త్రీకి గానీ కనబడని ఏ బాధ ఆయనకు కనబడింది?