సామి పటం వెనక బోల్టు

అన్న పోయాక, కర్మ ముగిసేదాకా ఇంట్లో సామి పటాలు ఉండకూడదన్నారు పెద్దవాళ్లు. కోవిల్‌పట్టి ఇంట్లో గోడల మీదివన్నీ తీసి, గుడ్డలో చుట్టి, పక్కింట్లో పెట్టి వచ్చాను. అప్పుడు వదినకు బయట నిలిపిన అన్న వాను గుర్తుకొచ్చింది.

"దాంట్లో గూడ ఒకటుంది తమ్ముడా. తీసెయ్," అనింది.

ఆ వాను ఎవరో దొరలు దేశాలు తిరిగి తిరిగి, చివరికి తూత్తుకుడిలో అమ్మేసి పోయినది. చేతులు మారి మారి తొంభైలలో అన్న దగ్గరికి వచ్చింది. లోపల పడుకోవడానికి రెండు బల్లలు, చిన్న పొయ్యి, వెనక ఒక అలమర. అన్న దాన్ని వదిన కోసం కొన్నాడు. ఆమెకు బస్సు పడదు. పక్కనున్న కడంబూరు చేరేలోపలే వాంతులు. కన్యాకుమారిలో పొద్దు పొడవడం చూడాలని మాత్రం పెళ్లినాటి నుంచీ ఆశ.

"ఇంక నీకు బస్సు వద్దు. పడుకొని రా," అన్నాడు అన్న.

"పడుకొని పోయేది కాటికి గదా," అని వదిన నవ్వింది.

అందరం నవ్వాం.

మాలో బండి కొంటే ముందుగా దాంట్లో సామిని పెట్టాలి. పాత ఇనుము, కొత్తగా బొక్క పొడిస్తే అక్కడి నుంచే తుప్పు పడుతుందని అన్న భయం. అందుకని అలమరలో ముందే ఉన్న ఒక బోల్టుకు చిన్న పలక బిగించి, దాని మీద పటం నిలబెట్టాడు. బోల్టు కింద కొన్ని నల్ల తీగలు కలిసి ఉండేవి. అవి కదలకుండా పట్టి ఉంచడానికే ఆ బోల్టు అనుకున్నాడు. ప్రతి శుక్రవారం నీళ్లు చల్లి తుడిచి, తడి గంధం, కుంకుమ పెట్టేవాడు. పలకకూ పెట్టేవాడు, బోల్టుకూ పెట్టేవాడు.

కొంతకాలానికి దీపాలు మొండికేశాయి. బ్రేకు తొక్కితే వెనక దీపాలు మసకబారేవి. ఇండికేటరు వేస్తే లోపలి దీపం కూడా దానితోపాటు కొట్టుకునేది. కొన్నాళ్లు ఏమీ వెలిగేవి కావు.

"పగలే పోయిరారాదా?" అన్నాను.

"చీకటి పడేలోపల చేరేదానికి ఇదేమన్నా కొత్త బండారా? వెనక దీపం లేకుండా తిరునెల్వేలి రోడ్డెక్కితే, లారీవాడు ఈడనే పొద్దు పొడిపిస్తాడు. బాగు చేసుకొనే పోదాము," అన్నాడు అన్న.

నా ఉద్యోగం విరుదునగర్‌లో. సెలవు దొరికితే అన్న వాను తీసుకొని అక్కడికి వచ్చేవాడు. మా వీధి చివర ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. బల్బులు మార్చాడు, ఫ్యూజులు మార్చాడు, స్విచ్చి మార్చాడు. టెస్టు ల్యాంపు క్లిప్పును బండి ఇనుముకు తగిలించి చూస్తే, బల్బు దాకా కరెంటు బాగానే వస్తోంది. అయినా బల్బు వెలగదు. అన్ని దీపాలూ కలిసి మసకబారితే ఎర్తు, అంటే కరెంటు బల్బు నుంచి బండి ఇనుములోకి తిరిగిపోయే చోటు, చూడమని నేను లైబ్రరీ పుస్తకంలో చదివాను. ఆ మాటే అడిగాను.

"చూసినా అన్నాచ్చి," అని తమిళంలో అంటూ బ్యాటరీ దగ్గర శుభ్రం చేసిన ఎర్తు పట్టీ చూపించాడు.

"వెనక ఇంకొకటి ఉండాలే?"

అతను అలమర తెరిచాడు. పటం, దాని మీద మల్లెపూలు. తన చేతుల గ్రీజు చూసుకొని మళ్లీ మూసేశాడు.

"ఆడ సామి ఉన్నాడు. అది ఆయన చూసుకుంటాడు."

అన్నకు ఆ మాట నచ్చింది. ఇంటికి పోయేదాకా చెప్పుకొని నవ్వాడు. తర్వాత ఆ వాను ఎంతమంది చూశారో, అందరూ ఆ అలమర తెరిచారు, అందరూ మూశారు. సామిని ఎత్తి పక్కన పెట్టి వెనక వెతుకుదామని మాలో ఎవరికీ తోచలేదు. ఏళ్లు గడిచాయి. ఒక ఉదయం మిల్లులో పనిచేస్తూనే అన్న గుండె ఆగిపోయింది.

వదిన చెప్పినట్టు పటం తీశాను. పలక చేతిలోకి ఊడి వచ్చింది. ఎండిన గంధం, కుంకుమ పొరలు పొరలుగా రాలాయి. కింద నల్ల తీగల రాగి కొసలు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. వెనక ఎర్తు అదే. చావింట్లో ఆ పని చేయవచ్చా అని ఆలోచించలేదు. అన్న పనిముట్ల పెట్టెలోనే గరుకు కాగితం దొరికింది. బోల్టు విప్పి, ఇనుమూ రాగీ మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించాను. స్విచ్చి వేశాను. పోయిన వారమే అన్న బ్యాటరీకి చార్జి పెట్టించి ఉన్నాడు. లోపలా బయటా దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి.

వదినను పిలిచాను. ఆమె వాను వెనక నిలబడి ఎర్ర దీపాల వైపు చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే వదినా."

లోపలికి ఎక్కి బల్ల అంచున కూర్చుంది. కర్మ అయ్యాక కన్యాకుమారికి నేను తీసుకుపోతానన్నాను.

"బాగు చేసుకొని పోదామంటే నేను గూడ సరే అనింటిని," అనింది. తర్వాత, "ఆపెయ్ తమ్ముడా. బ్యాటరీ దిగిపోతాది."

ఆపేశాను.