ఖాలమ్మకు పట్టిన నా రంది

ఆ రోజుల్లో ఛార్జింగ్ అనేది ఫోన్లకే పెట్టేవాళ్లం. మనుషులకు కూడా అలాంటిదొకటి ఉంటుందనీ, ఒకరికి నలుగురిలో ఎక్కితే ఇంకొకరికి ఒంటరిగా ఎక్కుతుందనీ మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు మా బడిలో కొత్తగా చేరే టీచర్లు మొదటి రోజే "నేను ఇంట్రోవర్ట్ మేడమ్" అని చెప్పేసి, స్టాఫ్ రూములో మూల కుర్చీ చూసుకుని హాయిగా కూర్చుంటున్నారు. వాళ్లను చూస్తే నాకు కాస్త కుళ్లు. నా కాలంలో ఆ మాట లేదు. మా వైపు మనిషి ఒక్కతే కూర్చుంటే దానికి ఉన్న పేరు ఒక్కటే, రంది. (మనసులో పెట్టుకుని కుమిలిపోయే దిగులన్నమాట.)

లక్సెట్టిపేటలో ఓ ప్రైవేటు బడిలో ఒకటో తరగతి టీచరుగా నా మొదటి ఉద్యోగం. "ఆడిపిల్లవు, ఒక్కదానివి ఏడుంటవే" అని హుస్నాబాద్‌లో అవ్వ (మా అమ్మ) ఇల్లంతా ఎత్తి కుదేసింది. బాపు మాత్రం "పోనీ తియ్యి, జర సూద్దాం" అన్నాడు. ఆ 'జర' మీదే నా నౌకరీ నిలబడి ఉంది. ఏ చిన్న కబురు తేడాగా వెళ్లినా పెట్టె సర్దుకుని ఇంటికి పోవలసిందే.

అద్దెకు దొరికింది బట్టల దుకాణం వాళ్ల డాబా మీది గది. ఇంటావిడను వీధి వీధంతా ఖాలమ్మ అనేది (ఖాలా అంటే ఉర్దూలో పిన్ని), నేనూ అలాగే పిలిచాను. బంగారంలాంటి మనిషి, కానీ మాట్లాడకుండా ఉండలేదు. పొద్దంతా పెళ్లింట్లో నిలబడి ముచ్చట్లు పెట్టి వచ్చినా, పోయినప్పటికంటే హుషారుగా తిరిగొచ్చేది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం మాత్రం తలనొప్పని తలకు గుడ్డ కట్టుకునేది. నాది పూర్తిగా ఉల్టా. ఒకటో తరగతి అరుపుల్లోంచి బయటపడేసరికి నా పని అయిపోయేది. సాయంత్రం నీళ్ల ట్యాంకు వెనక గోడకు ఆనుకుని, దేన్నీ చూడకుండా, ఏమీ అనుకోకుండా కాసేపు కూర్చుంటే తప్ప మళ్లీ మనిషిని అయ్యేదాన్ని కాదు.

ఓ సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చి ఖాలమ్మ నన్ను చూసింది.

"ఏందమ్మా, గా ట్యాంకెన్క కూసున్నవ్? ఏం రంది?"

"రందేం లే ఖాలమ్మా, ఊకెనే కూసున్న."

"ఊకెనే ఎవలన్న కూసుంటరా? గిట్ల పరేషానైతె దిమాక్ ఖరాబైతది. ఆగు, నేను జూస్త."

మర్నాటి నుంచి చికిత్స మొదలైంది. నేను బడి నుంచి రాగానే ఖాలమ్మ కోడలు చాయ్‌తో, పక్కింటావిడ ఉడికించిన పల్లీలతో, ఎదురింటి అక్క తన అత్తగారి సంగతులతో డాబా ఎక్కేవాళ్లు. వాళ్ల ప్రేమకు వంక పెట్టలేను. (పల్లీలకైతే అసలే పెట్టలేను.) కానీ నవ్వి నవ్వి నా దవడలు పట్టేసేవి. రోజురోజుకీ నా మొహం వాడిపోయింది. అది వాడినకొద్దీ రంది ముదిరిందనుకుని ఖాలమ్మ ఇంకొందరిని పంపేది. బళ్లో హాజరు పిలుస్తూ పిలుస్తూ కునికిపాట్లు పడటం కూడా అయింది.

ఇక లాభం లేదనుకుని ఖాలమ్మ మా ఇంటికి ఫోన్ చేసింది. "బాపుసాబ్, మీ బిడ్డకు రంది వట్టింది. ఎవలతోని మాట్లాడది. జర వచ్చి సూడుండ్రి."

అవతల అవ్వ ఏమని ఉంటుందో ఊహించుకోండి. మర్నాడు సాయంత్రానికి బాపు ఖాళీ సంచీతో దిగాడు. "అవ్వ తోల్కరమ్మన్నది బిడ్డా" అన్నాడు. ఊకెనే కూర్చున్నానంటే ఎవరు నమ్ముతారు? అలవాటు కొద్దీ పోయి ట్యాంకు వెనకే కూలబడ్డాను. బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏమీ అడగలేదు.

బాపు సాంచెలు నడిపేవాడు. ఆ మరమగ్గాల చప్పుడులో పొద్దంతా ఉండి, ఇంటికొచ్చాక ఎదుటి గోడను చూస్తూ అరుగు మీద కూర్చునేవాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నేను చేస్తున్నదీ అదేనని ఆ సాయంత్రమే తట్టింది.

లోపలి సంగతి తెలుసుకుందామని చాయ్ పట్టుకుని వచ్చిన ఖాలమ్మ, ఉలుకూ పలుకూ లేని మా ఇద్దరినీ చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"యా అల్లా! బాపుకు గూడ రందేనా? ఖాందానంత గిట్లనేనా?"

బాపు నవ్వాడు. "రంది గాదమ్మా. పొద్దంత సాంచెల లొల్లిల ఉంట. మాపటికి జరసేపు ఊకుంటెనే పాణం లేసొస్తది. బిడ్డకు గూడ గదే వచ్చినట్టుంది."

"ఊకుంటె పాణం లేసొస్తదా? ఏదీ, నేను గూడ సూస్త" అని ఖాలమ్మ మా పక్కనే చతికిలబడింది. పెదాలు బిగించింది. కొంగు సర్దుకుంది. "గా పైపు కారుతున్నది, సూసిన్రా?" అంది. మళ్లీ బిగించింది. ఇంతలో వీధిలోంచి ఎవరో పిలిచారు. "ఆఁ, వస్తున్న!" అంటూ ప్రాణం లేచొచ్చినట్టు మెట్లు దిగిపోయింది.

బాపు ఖాళీ సంచీతోనే తిరిగి వెళ్లాడు. "అవ్వకు నేను జెప్త తియ్యి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

అప్పటి నుంచి ఖాలమ్మ సాయంత్రాలు మెట్ల కింద కాపలా కూర్చునేది. "పంతులమ్మ డాబా మీద ఛార్జింగ్‌ల ఉన్నది, ఎవ్వలు పోవద్దు!" అని వచ్చినవాళ్లనల్లా ఆపేది. ఆపినవాళ్లను ఊరికే పంపదు కదా, అక్కడే కూర్చోబెట్టుకుని ముచ్చట పెట్టేది. పైన నాకూ కింద ఆమెకూ ఒకేసారి ఎక్కేది.

ఇప్పుడు కరీంనగర్‌లో మా ఫ్లాటు తలుపు ఎవరూ తట్టరు. మొన్నామధ్య లక్సెట్టిపేట వైపు వెళ్లి ఖాలమ్మను చూశాను. మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. "అలిసొచ్చినవ్. మీదికి పొయ్యి జరసేపు ఊకుండి రాపో, నేను కిందుంట" అంది. అదే ట్యాంకు, అదే గోడ. ఎంతసేపు కూర్చున్నా ఛార్జింగ్ ఎక్కడం లేదు. కింద చప్పుడే లేదు. నా కోసం ఆ మనిషి నోరు కట్టుకుని కూర్చుంది. నాకు ఉండబట్టలేదు. పిట్టగోడ మీంచి వంగి అరిచాను.

"ఖాలమ్మా, సప్పుడు లేదేంది? ఏం రంది?"

"అబ్బ, అడిగినవా తల్లీ!" అని ఆమె మొదలుపెట్టింది. నేను ట్యాంకుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను.