నొప్పి పోయిందని ఆగిపోయిన పన్ను

ఇయ్యాల నా దవడ పన్ను నిలువునా పగిలింది. మూడు నెలల కింద సంగారెడ్డిల ఇదే పన్నుకు రూట్ కెనాల్ మొదలుపెట్టిచ్చుకున్న. నరం తీసిన్రు, మీద తాత్కాలికంగ సిమెంటు పెట్టిన్రు, వారంల మళ్ల రమ్మన్నరు. తెల్లారేసరికి నొప్పి మాయమైంది. నొప్పి లేనోడు దవాఖానకు పోతడా? నేను పోలే.

పొద్దుగాల ఇస్నాపూర్‌ల చాయ్ దుకాణం కాడ పల్లీలు నములుతుంటే టక్కుమన్నది. డ్యూటీకి పోకుండ సీదా సంగారెడ్డిల ఆ డాక్టరమ్మ దగ్గరికే ఉరికిన.

"పని సగమే అయింది. క్యాప్ గిట్ట వేయకుండ ఇన్ని రోజులు వదిలేస్తె విరగదా?" అన్నది.

"నొప్పి లేదు గద మేడం, బాగైందనుకున్న."

"నరం తీసినంక ఆ పన్నుకు నొప్పి ఎట్ల తెలుస్తది? ఇగ పీకుడే."

పీకేసింది. ముప్పై ఆరేండ్లకే బోసినోరు మొదలైంది. మీలో ఎవరిదన్న పన్ను గిట్ల సగంల ఆగి ఉన్నదా? ఉంటే రేపే పోండ్రి. నాలెక్క తెలివి చూపకుండ్రి.

మధ్యాహ్నం ఫ్యాక్టరీకి పోయిన. నేను ఫిట్టర్‌ను. వానకాలంల పగిలిన ఆవిరి పైపుకు నేనే తాత్కాలికంగ క్లాంపు బిగించిన, రిపేర్లకు ఫ్యాక్టరీ బంద్ పెట్టే షట్‌డౌన్‌ల పైపు మారుస్తమన్నరు. రెండు షట్‌డౌన్లు అయిపోయినయి. క్లాంపు అట్లనే ఉన్నది. కారుతలేదు గనుక ఎవ్వరూ అడుగుతలేరు. దాని కింద నిలవడి చానాసేపు చూసిన.

నోట్ల దూది ఉండె. నేను గూడ ఏమనలే.