గురజాల బాబాయి చిట్టెం వంటిల్లు

గురజాల నుంచి పిన్ని ఒక లారీ డ్రైవరు చేత కబురు పంపింది. "మీ బాబాయి సోమారం నా వంటిల్లు పడగొట్టిత్తన్నాడు. చదువుకున్న పిల్లని పంపండి. ఆయన ఇంగ్లీషు మాటకే లొంగుతాడు."

చదువుకున్న పిల్లని నేనే. బీయస్సీ పూర్తిచేసి నరసరావుపేటలో ఇంట్లో కూర్చున్నాను. ఇంగ్లీషు పుస్తకాలు చదువుతాను గాని, నలుగురి ముందు ఏ భాషలోనూ నోరు విప్పలేను. అది తెలిసి కూడా నాన్న శనివారం ఉదయం ఏడింటికి నన్ను పిడుగురాళ్ల బస్సెక్కించాడు.

నకరికల్లులో ఎక్కిన ఒకావిడ నా పక్కన సర్దుకుని కూర్చుంది. "ఒక్కదానివే యాడికమ్మాయ్? పెళ్లిచూపులకా?"

"బాబాయి గారి వంటిల్లు చూడటానికండి."

"నువ్వు ఆళ్ల వంటిల్లు చూసేదేందే! ఆళ్లు నీ వంట చూడాలగాని!" అంది. బస్సంతా నవ్వింది. దిగేదాకా నేను కిటికీలోంచి తల తిప్పలేదు.

పిడుగురాళ్ల స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ బాగుంటుంది. చట్నీ గురించి ఏమీ చెప్పను. మాచర్ల రైలు గంట ఆలస్యం. ఈ దారిన వచ్చేవాళ్లు నల్లబట్టలు కట్టుకోకండి, తెల్లబట్టలూ కట్టుకోకండి. నల్లబట్టల సంగతి పిడుగురాళ్ల సున్నం చూసుకుంటుంది, తెల్లబట్టల సంగతి రైలు బొగ్గునుసి చూసుకుంటుంది.

మధ్యాహ్నానికి గురజాలలో దిగాను. బాబాయి స్టేషనుకు వచ్చాడు. ఆయనది మూడు తరాల సున్నపు బట్టీ. ఆయన సున్నం హైదరాబాదు అవతల ఒక ఉక్కు ఫ్యాక్టరీకి లారీల్లో వెళుతుంది. కరిగిన ఇనుములో సున్నం వేస్తే మలినాలన్నీ దానితో కలిసి పైకి తేలి, గడ్డకట్టి నల్లటి చిట్టెం అవుతాయి, ఇంగ్లీషులో స్లాగ్. దాన్ని ఎవరైనా పట్టుకుపోతే చాలని ఫ్యాక్టరీ వాళ్లు చూస్తుంటారు. ఖాళీగా తిరిగొచ్చే లారీల్లో బాబాయి దాన్ని నింపుకొచ్చాడు. పొడికొట్టించి, లౌడుస్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతంతో ఇనుప ముక్కలు ఏరించి, సిమెంటు కలిపి ఇటుకలు పోయించాడు.

"స్లాగ్ బ్రిక్స్!" అన్నాడు దారి పొడుగునా. "మీ పిన్ని పాత వంటిల్లు తీసేసి మోడల్ కిచెన్ కడతన్నా. కొనేవోళ్లకి చూపియ్యాలగదా."

"వంటిల్లే ఎందుకు బాబాయ్?"

"కొట్టం కట్టి చూశా. దిష్టి తగిలింది."

ఇంటికి చేరాక చూశాను. పశువుల కొట్టం గోడ నిండా మశూచి పోసినట్టు పొక్కులు. ఇటుకలు ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చూరుకు గుమ్మడికాయ వేలాడుతోంది. పక్కనే పిన్ని వంటిల్లు. మామగారి నాటి నాపరాళ్ల గోడల్లో వెంట్రుకంత పగులు లేదు.

భోజనాల దగ్గర బాబాయి ఫ్యాక్టరీ ఇంజనీరు మీద జోకు చెప్పాడు. "చిట్టేన్ని పొడిజేసి ఆర్నెల్లు ఎండకీ వానకీ వొదిలెయ్యమన్నాడే! నీళ్లు గూడా కొట్టాలంట, తిరగెయ్యాలంట! కాల్చిన రాయిని వానకొదిలేత్తారా ఎవరన్నా? ఈళ్లకి ఉద్యోగాలిచ్చిందెవరు?"

అప్పుడే మబ్బు పట్టింది. బట్టీ ఊళ్లలో మబ్బు పడితే చేతిలో ముద్ద చేతిలోనే ఉంటుంది. కాల్చిన సున్నానికి చినుకు తగిలితే కుతకుత ఉడికి, పొంగి, పిండైపోతుంది. అందరూ ఎంగిలి చేతులతోనే పరుగెత్తారు. బాబాయి మాత్రం సున్నం వదిలేసి ముందు చిట్టెం గుట్ట మీద టార్పాలిను కప్పించాడు. ఈ వానాకాలమంతా దాని మీద ఒక్క చినుకు పడనివ్వలేదట. గర్వంగా చెప్పాడు.

సాయంత్రం పిన్ని నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. "చెప్పవే ఆయనకి. నోట్లో బెల్లముందా?"

ఆయన దగ్గరికి వెళ్లలేదు. పిన్ని చెవిలో మాత్రం చెప్పగలిగాను. చిట్టెంలో నీళ్లు తగలక ఇంకా చల్లారని సున్నం ఉంది. ఇంజనీరు దాన్ని వానలో ముందే పొంగించి చంపెయ్యమన్నాడు. లేకపోతే గోడలో కూర్చున్నాక పొంగుతుంది. ఒక ఇటుకను రోజంతా ఉడకబెడితే తెలిసిపోతుంది.

ఆదివారం పొద్దున్నుంచి పాత కాగులో ఒక ఇటుక ఉడికింది. బాబాయి రెండుసార్లు అటు వచ్చాడు.

"ఏం వండతన్నావే పెరట్లో?"

"వంటిల్లు," అంది పిన్ని, పుల్ల ఎగదోస్తూ.

సోమవారం ఉదయం తాపీమేస్త్రి మనుషుల్ని, గడ్డపారల్ని వెంటబెట్టుకొచ్చాడు. బాబాయి కొబ్బరికాయ పట్టుకున్నాడు. పిన్ని ఉడికిన ఇటుకను పళ్లెంలో పెట్టి తెచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన వేలు పెట్టగానే అది ఉండలు ఉండలుగా విడిపోయింది.

"సిమెంటు తక్కువేసుంటారు," అన్నాడు.

"ఇట్టాంటి గోడల మధ్య రోజూ పొయ్యి రాజేసి నీళ్లు కాయాల నేను. నెత్తిన పడితే సిమెంటు తక్కువైందని దినం రోజున జెబుతావా?"

మేస్త్రి నవ్వాపుకున్నాడు. బాబాయి కొబ్బరికాయ పైకెత్తాడు. ఇంకొక్క క్షణమాగితే గడ్డపార వంటింటి మీద పడేది.

"బాబాయ్," అన్నాను. అందరూ నావైపు తిరిగారు. ఇంగ్లీషు ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "అది మన సున్నమే. ఇక్కడి నుంచి వెళ్లిందే చల్లారకుండా తిరిగొచ్చింది. చల్లారని సున్నంతో మీరెప్పుడైనా గోడ కట్టారా?"

బాబాయి పళ్లెంలోని ఒక ఉండను వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత కొబ్బరికాయ పిన్ని చేతిలో పెట్టి, "పచ్చడి చెయ్యి," అన్నాడు. గడ్డపారల్ని కొట్టం వైపు పంపాడు. గుట్ట మీది టార్పాలిను తానే లాగేశాడు.

మధ్యాహ్నం రెండు దాటాక నరసరావుపేట బస్సు దొరికింది. సీటు కోసం తువ్వాలు వెయ్యండి, లేకపోతే పిడుగురాళ్ల దాకా నిలబడాల్సిందే. బస్సు కదిలేదాకా బాబాయి కిటికీ పట్టుకుని కండక్టరుకు పాఠం చెప్పాడు. "స్లాగుకి వాన తగలాలయ్యా! ఇది నా పద్ధతి. ఆ ఇంజనీర్లకేం తెలుసు?"

పల్నాడులో ఎండ ఎక్కువ, నీళ్లు తక్కువ, భోజనం పుష్కలం. చూడటానికి రావచ్చు. కాకపోతే ఇక్కడ తప్పు ఒప్పుకునే మనిషిని చూడాలని మాత్రం రాకండి, ప్రయాణం దండగ.

బస్సు ఊరు దాటాక పక్కసీటు పెద్దాయన అడిగాడు. "మీ బాబాయి గారా అమ్మాయ్? చానా తెలివైనోడే!"

"కాదండీ. తెలివి మా పిన్నిది," అన్నాను.

మూడు సీట్ల అవతలి వాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు. నేను కిటికీ వైపు తిరగలేదు.