తొమ్మిదో సీసా

"...పేరు గూడ అచ్చేస్తరంట. ఇంకెప్పుడు చెప్తవయ్యా, అచ్చయినంక చెప్తవా?"

"ఊకో. నీకేం ఎర్క."

"నాకే ఎర్క. గా పురుగులు పిల్లిబండయి కావు. యాడికెళ్లి పట్టుకొస్తివో నా కండ్లతోని చూసిన."

"మెల్లగ మాట్లాడు. సార్ మొఖం చూసినవా నువ్వు? సీసలు చేతికిచ్చిననాడు పెండ్లిపిల్లగాని లెక్క సంబురపడ్డడు. గిప్పుడు పోయి ఏమని చెప్పాలె?"

రేకుల షెడ్డు పక్కన స్కూటరుకు స్టాండు వేస్తున్న పట్టాభిరామయ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అప్పటిదాకా తిరుగుతున్న కాంక్రీటు మిషను ఆగడంతో లోపల వాచ్‌మన్ రాజయ్య, అతని భార్య చంద్రమ్మ మాటలు రేకు సందుల్లోంచి బయటికి వచ్చాయి. హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో అరకిలో బూందీ లడ్డూలూ, కలకత్తా నుంచి వచ్చిన ప్రూఫు కాగితాలూ ఉన్నాయి. కొత్త పురుగు మీద తను రాసిన వ్యాసం అక్కడి పత్రికలో అచ్చవుతోందనీ, చివర కృతజ్ఞతల్లో దాన్ని పట్టిచ్చిన రాజయ్య పేరు వేయిస్తున్నాననీ కిందటి ఆదివారమే చెప్పి వెళ్ళాడు. ఆ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపిద్దామని ఇవాళ వచ్చాడు.

స్కూటరు మళ్ళీ తోసుకుంటూ వెళ్ళిపోవచ్చు. ఏమీ వినలేదని తనకు తాను చెప్పుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. తర్వాత దగ్గాడు.

లోపల మాటలు ఆగిపోయాయి.

పట్టాభిరామయ్య ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరర్. బాపట్ల దగ్గర పుట్టి, వాల్తేరులో ఎమ్మెస్సీ చేసి, పరిశోధనలో చేరిన రెండో ఏడే ఉద్యోగం వస్తే హైదరాబాదు వచ్చేశాడు. ముప్పై ఏళ్ళుగా బొద్దింకనూ కప్పనూ కోసి పిల్లలకు చూపిస్తున్నాడు. వచ్చే ఏడాది జూన్‌లో రిటైరవుతాడు. మోతీనగర్‌లో కిరాయి ఇల్లు. ముందు గదిలో ఒక పాత మైక్రోస్కోపు, నాలుగు కాళ్ళ కింద నాలుగు నీళ్ళ గిన్నెలు పెట్టిన ఒక చెక్క అలమర. గిన్నెల్లో నీళ్ళు ఎండిపోతే చీమలు ఎక్కి పురుగుల డబ్బాలు ఖాళీ చేస్తాయని ఆ నీళ్ళు చూసుకునే పని మొదటినుంచీ ఆయన భార్య నాగేశ్వరిదే.

వాల్తేరులో సగంలో వదిలేసిన పని రోవ్ బీటిల్స్ మీద. పొట్టి రెక్కల పురుగులు. రెక్కలు ఒంటిలో మూడో వంతు కూడా కప్పవు. వెనక భాగమంతా బయటికే ఉంటుంది. వేలు దగ్గరికి పెడితే తేలులా తోక ఎత్తుతాయి. పైకి ఒకేలా కనిపించే రకాలు పదులకొద్దీ ఉంటాయి. ఏది ఏదో తేల్చేది మగపురుగు తోక చివర దాగి ఉండే అవయవం. దాన్ని సూదితో బయటికి తీసి, పొటాష్ ద్రావణంలో వేడిచేసి, మైక్రోస్కోపు కింద పెట్టి బొమ్మ గీయాలి. ఆడపురుగులు ఎన్ని ఉన్నా కొత్త జాతి అని చెప్పడానికి చాలవు. "మగది దొరికేదాకా పేరు ఊసెత్తకు" అనేవారు గురువుగారు. ఇంకో మాట కూడా అనేవారు: "లేబులు దొరికిన చోటే రాయాలి. దొరికాకే రాయాలి. లేబులు లేని పురుగు చెత్త." ఈ రెండో మాట పట్టాభిరామయ్య ప్రతి ఏడాదీ తన పిల్లలకూ చెబుతాడు.

తొంభై ఆరు వానాకాలంలో ఆయన మొదటి పురుగును పట్టాడు. అప్పటికి మాదాపూర్‌లో రాళ్ళు తప్ప ఏమీ లేవు. రాజయ్య, చంద్రమ్మ పాలమూరు నుంచి రాళ్ళు కొట్టే పనికి వచ్చి అక్కడే గుడిసె వేసుకుని ఉండేవారు. గొడుగు, గాజు సీసాలు పట్టుకుని రాళ్ళమధ్య వంగి వంగి తిరుగుతున్న మనిషిని చంద్రమ్మ కాసేపు చూసి, ఏం పోయిందని అడిగింది. పురుగులని చెబితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పురుగులకు ఇంత పరేషానా సార్? పిల్లిబండ కాడికి పోండ్రి. గా లేచిన పలక కింద ఎండకాలం గూడ తడి ఆరదు. మేం నీళ్ళు ఆడ్నే పట్టుకుంటం."

పిల్లిబండ అంటే పడుకున్న పిల్లిలా ఉండే పెద్ద రాయి. దాని పడమటి వాలులో పలక లేచి, కింద బెత్తెడు సందు. ఆ సందులోని తడి ఆకుల్లో ఎర్రటి పొట్టి రెక్కల పురుగు దొరికింది. నాలుగు మిల్లీమీటర్లు. కళ్ళు మరీ చిన్నవి. పైరెక్కల కింద ఎగిరే రెక్కలు లేనే లేవు. ఎగరలేని పురుగు ఆ రాయి వదిలి ఎక్కడికీ పోదు. తన దగ్గరున్న పుస్తకాలన్నీ వెతికాడు, దేనికీ సరిపోలేదు. కానీ అది ఆడది. తొంభై ఏడులో ఇంకో రెండు దొరికాయి. అవీ ఆడవే.

తొంభై ఎనిమిది జూలైలో నాగేశ్వరికి గర్భసంచి ఆపరేషన్ అయింది. రెండు నెలలు తను ఇల్లు కదలడానికి వీల్లేదని పట్టాభిరామయ్య అనుకున్నాడు. రాజయ్య అప్పటికి అక్కడ కట్టే ఒక కంపెనీ భవనానికి వాచ్‌మన్‌గా కుదిరాడు. పిల్లిబండ ఆ ఆవరణలోనే ఉంది. అందుకని స్పిరిట్ పోసిన పన్నెండు సీసాలు రాజయ్యకు ఇచ్చి, కుంచెతో పురుగును ఎలా తీయాలో నేర్పాడు. రాజయ్యకు చదువు రాదు. లేబుళ్ళు పట్టాభిరామయ్యే పెన్సిలుతో ముందుగా రాసి, ఒక్కో సీసాలో ఒక్కోటి వేసి ఇచ్చాడు. మాదాపూర్, పిల్లిబండ, పడమటి వాలు, పలక కింద. పన్నెండింటి మీదా అదే. తేదీకి మాత్రం ఖాళీ వదిలాడు. మూతల మీద వరసగా అంకెలు వేసి, ఆ వరసలోనే నింపమన్నాడు.

సెప్టెంబరులో వెళ్ళేసరికి పిల్లిబండ లేదు. పోయిన వారమే పేల్చారని రాజయ్య చెప్పాడు. సీసాలు పన్నెండూ నిండి ఉన్నాయి. తొమ్మిదో సీసాలో మగపురుగు ఉంది.

ఆ చలికాలమంతా ఆ ఒక్క పురుగుతోనే గడిచింది. అవయవం బొమ్మ పదకొండుసార్లు గీశాడు. పేరు పిల్లిబండెన్సిస్, అంటే పిల్లిబండకు చెందినది, అని పెట్టాడు. రాయి ఎటూ పోయింది, పేరైనా ఉంటుందని.

"రాండ్రి సార్," అంటూ చంద్రమ్మ బయటికి వచ్చి నవారు మంచం వాల్చింది. రాజయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు.

పట్టాభిరామయ్య కూర్చోలేదు. "నేను విన్నాను, రాజయ్యా," అన్నాడు.

రాజయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. 

"శ్రావణం మొదట్లనే పేల్చిండ్రు సార్," అన్నాడు చివరికి. "అప్పటికి నాలుగు సీసలే నిండినయి. ఇగ ఎనిమిది ఉండె."

"ఆ ఎనిమిదీ ఎక్కడివి?"

"లాన్ కోసమని లారీలల్ల మట్టి తెచ్చిండ్రు. గా కుప్పల తడికి గివే పురుగులు తిరుగుతుండె. అచ్చం గిట్లనే ఎర్రగ, తోకెత్తుకుంట. ఒక్కటే జాతనుకున్న."

"అనుకున్నవా?" అంది చంద్రమ్మ. "రాత్రంత నిద్రపోలే, జర నిజం చెప్పు."

"అనుకోవాలనుకున్న," అన్నాడు రాజయ్య.

"ఆ మట్టి ఏ ఊరిది?"

"ఏమో సార్. లారీ బాలానగర్ దిక్కుకెళ్లి వస్తుండె. మట్టి ఒక దిక్కుది, పెంట ఒక దిక్కుది. కొబ్బరిపొట్టు బోరాలల్ల కేరళకెళ్లి వచ్చిందని డ్రైవర్ అంటుండె."

పట్టాభిరామయ్య అప్పుడు కూర్చున్నాడు. తొమ్మిదో సీసాను గాజుపళ్ళెంలో ఒంపినప్పుడు పురుగుతోపాటు గోధుమరంగు పీచు ఒకటి పడింది. అది కొబ్బరి పీచని ఆయనకు తెలుసు. రాతి సందులోకి కొబ్బరి పీచు ఎలా వచ్చిందని ఒక్క క్షణం అనుకుని, సూదిమొనతో దాన్ని పళ్ళెం అంచుకు తోసి, దూదితో తుడిచేశాడు.

"ఖాళీ సీసాలే ఇచ్చి ఉంటే నేనేమైనా అనేవాడినా?" అన్నాడు.

"అనరు సార్. గదే కదా." రాజయ్య నేల చూశాడు. "మా బిడ్డ శ్రీలతను కొత్తగూడ స్కూల్ల చేర్చుకోమంటే పుట్టిన కాగితం లేదని తిప్పిపంపిండ్రు. మీరొచ్చి హెడ్‌మాస్టర్‌తోని మాట్లాడితిరి. ఇంట్ల అమ్మగారికి ఆపరేషనాయె. అంత ఫికర్‌ల ఉన్న మనిషికి ఖాళీ సీసలు ఎట్ల ఇయ్యాలె?"

"తర్వాతైనా చెప్పొచ్చుగా."

"మీరు అడగలే సార్."

"అడిగితె చెప్తుండెనా ఏంది?" అంది చంద్రమ్మ.

రాజయ్య ఆలోచించాడు. "అడిగితె చెప్తుంటి," అన్నాడు.

పట్టాభిరామయ్య లడ్డూల పొట్లం తీసి మంచం మీద పెట్టాడు. రాజయ్య ముట్టుకోలేదు. చంద్రమ్మ తీసుకుని, బిడ్డ స్కూలు నుంచి వచ్చినప్పుడు తింటుందని అనబోయి, ఇవాళ ఆదివారమని గుర్తొచ్చి, లోపల పెట్టి వచ్చింది.

"నా పేరు తీసేయుండ్రి సార్," అన్నాడు రాజయ్య.

తిరిగి వెళ్ళేటప్పుడు పట్టాభిరామయ్య భవనం ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. పిల్లిబండ ఉన్న చోట నేల చదునుగా ఉంది. దానిమీద గడ్డి చాపలా పరిచారు. అవతల గుండ్రటి మేడ అద్దాల మీద ఎండ పడుతోంది. గడ్డి అంచున వరసగా పేర్చిన సున్నం పూసిన రాళ్ళలో ఒకదాన్ని అలవాటుకొద్దీ కాలి బొటనవేలితో ఎత్తి చూశాడు. కింద తడి ఉంది. రెండు గండుచీమలున్నాయి. రాయిని మళ్ళీ ఎలా ఉందో అలాగే పెట్టాడు.

నాగేశ్వరి వరండాలో బియ్యం ఏరుతోంది. "లడ్డూలు ఇచ్చారా? ఏమన్నాడు మీ రాజయ్య? గాల్లో తేలాడా?" అంది.

ఆయన చెప్పాడు. పీచు సంగతి కూడా చెప్పాడు. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"అంతా నా ఆపరేషన్ మూలాన వచ్చింది."

"కాదు. ఇక్కణ్ణుంచి బోరబండ మీదుగా అరగంట దారి. రెండు నెలల్లో ఒక్క ఆదివారం వెళ్ళి రావచ్చు. వెళ్ళకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. సీసాలు ఇచ్చేశానుగా."

"పోనీ ఇప్పుడు ఎవరికి తెలుస్తుందండీ? ఆ బండే లేదు. ఇంకెవరూ వెళ్ళి వెతికి కాదనడానికి లేదు."

"అదే, లేదు."

"మగదాని గురించి మాత్రం రాయండి. అది దొరికింది నిజమేగా."

"ఏ ఊరిదని రాయను? నేను ఈ చుట్టుపక్కల జాతులతోనే పోల్చాను. రాతిలోంచి కదలని పురుగు కదా, అంతకంటే అక్కర్లేదనుకున్నాను. ఆ మట్టిలోది ఎక్కడిదైనా కావచ్చు. ఎవరో ఎప్పుడో పేరు పెట్టేసిందే కావచ్చు."

"కాకపోవచ్చు కూడా."

"కాకపోవచ్చు."

"మరి పిల్లిబండవి? ఆ మూడూ?"

"అవి ఆడవి. రాజయ్య నాలుగు సీసాల్లో ఉన్నవీ ఆడవే. వాటి మగది ఎలా ఉంటుందో ఇక ఎవరూ చూడరు."

నాగేశ్వరి చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "మా తమ్ముడు విశ్వేశ్వరరావుకి ఫోన్ చేసి చెప్పానండి," అంది నెమ్మదిగా. "మీ బావ ఒక పురుక్కి పేరు పెట్టారు, పుస్తకంలో వస్తుందని. వాడు ఇంకా ఎంతమందికి చెప్పాడో. ముప్పై ఏళ్ళనుంచీ ఆ నీళ్ళ గిన్నెలు నేను నింపుతూనే ఉన్నాను. ఒక్కసారి అచ్చులో చూస్తే ఏం పోతుంది?"

ఆయన చెప్పులు విప్పాడు. ముందు గదిలోకి వెళ్ళి అలమర తెరిచాడు. పిల్లిబండ పురుగుల డబ్బా తీసి, లేబుళ్ళు ఒక్కోటీ చదివాడు. మొదటి మూడూ పెన్సిలు చెదిరి, వాన చినుకులు పడి మరకలు కట్టి ఉన్నాయి. రాతి దగ్గర గొడుగు కింద మోకాలి మీద పెట్టి రాసినవి. తరువాతివన్నీ శుభ్రంగా, వరస తప్పకుండా, ఒకే వాటంలో ఉన్నాయి. ఈ బల్ల మీద, ఈ కుర్చీలో, ఒకే సాయంత్రం రాసినవి.

బల్ల మీది ప్రూఫుల్లో కృతజ్ఞతల పేరాలో రాజయ్య పేరు తప్పుల్లేకుండా పడింది. సరిదిద్ది పది రోజుల్లో తిప్పి పంపమని పైన చీటీ ఉంది. ఆయన చీటీ తీసి పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. సగంలో ఆపి మొదటి కాగితం చింపాడు; అందులో, సేకరించిన మనిషి పొరపాటు వల్ల అని ఉంది. రెండో కాగితంలో, లేబుళ్ళు నేను ముందే రాసి ఇచ్చినందువల్ల అని రాశాడు.

నాగేశ్వరి చెంబుతో నీళ్ళు తెచ్చి అలమర కింద గిన్నెల్లో పోస్తోంది. మూడు గిన్నెలు నింపి నాలుగో దాని దగ్గర వంగింది.

"వ్యాసం అచ్చు వేయవద్దని కలకత్తాకి రాశాను," అన్నాడు ఆయన. "రేపు పొద్దున కాలేజీకి వెళ్ళేటప్పుడు రిజిస్టర్ చేస్తాను."