దూడకు దక్కని ముర్రుపాలు

మా వైపు గేదె ఈనిందంటే దూడ ఎలా ఉందని ఎవరూ అడగరు. జున్ను ఎప్పుడు పంపిస్తారని అడుగుతారు. పశువుల డాక్టరుగా కొల్లేటి పల్లెల్లో తిరిగే నాకు ఈ మర్యాదంటే ఒళ్ళుమంట.

కలిదిండి దగ్గర చేపల చెరువులున్న ఒకరింట్లో మేలుజాతి గేదె ఈనింది. వరసగా దున్నదూడలే పుట్టాక ఈసారి పెయ్య. గేదె ముసలిదైపోయింది, ఇంకొక్క ఈత ఈనితే గొప్ప. దాని రకం ఇంట్లో నిలవాలంటే ఈ పెయ్యే దిక్కని ఆ ఇంటి పెద్దావిడ ఆశ. మర్నాడు సాయంత్రం నేను వెళ్ళగానే మిరియాలు వేసి వండిన జున్ను చేతికిచ్చింది.

పళ్ళెం అరుగు మీద పెట్టి, దూడ ముర్రుపాలు తాగిందా అని అడిగాను.

“కడుపు నిండా తాగిందండీ. మూతికి నురగ చూడండి.”

“ఈనగానే వదిలారాండీ?”

“మాయ పడకుండా ఎలా వదులుతామండీ? పొద్దున్న పడింది, అప్పుడు వదిలాం. ఈలోగా పొదుగు బిగిసిపోద్దని పిండేశామండీ.”

ఆ పాలు ఎక్కడికి పోయాయో అడగనక్కర్లేదు. వీధిలో ఇంటింటికీ గిన్నెలు వెళ్ళాయి. తాడేపల్లిగూడెంలో వియ్యాలవారికి బస్సులో క్యారేజీ వెళ్ళింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, దూడ పాలతో మంచిపేరు కొనుక్కున్నారు. మాయ పడేదాకా దూడను వదలకూడదన్న శాస్త్రం ఎవరు పుట్టించారో గాని, జున్ను మీద మోజున్నవాళ్ళే అయి ఉంటారు. నిజానికి దూడ కుడిస్తేనే మాయ తొందరగా పడుతుంది.

దూడ మెడ దగ్గర రక్తం తీసి, అది పేరుకునేదాకా కూర్చున్నాను. పైన తేరిన నీటి చుక్కను చేతి పరికరం గాజు మీద వేసి వెలుతురుకేసి చూశాను. ముర్రుపాల్లో ఉండే, రోగాన్ని ఆపే బలం ఒంటికి పట్టి ఉంటే గీత పైకి కనపడాలి. అడుగున కనపడింది. దూడ పేగు ఆ బలాన్ని లోపలికి తీసుకునేది పుట్టిన కొద్ది గంటలేనని, ఇప్పుడు ఆ పాలు పట్టినా లాభం లేదని చెప్పాను.

“గంతులేస్తోంది కదండీ,” అని పెద్దావిడ నవ్వింది.

ఆ వారంలోనే దూడ విరేచనాలు పట్టి, పారుకుని పారుకుని లేవలేకపోయింది. నా మందులేవీ పనిచేయలేదు. దూడ పోయాక గేదె పాలు చేపడం లేదని మళ్ళీ పిలిచారు. అది కట్టుకొయ్య చుట్టూ తిరుగుతూ అరుస్తుంటే నాకు ఏడుపొచ్చింది, అంతకు మించి కోపమూ వచ్చింది.

పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

“మొన్న మీరు జున్ను ముట్టుకోకుండా వెళ్ళిపోయారండీ, ఇంట్లో అందరం బాధపడ్డాం. వచ్చే ఈతకి మొదటి పాలు మీకే పంపిస్తానండీ.”